సంచిలో దొరికిన తోక తోలు

పొలం ఎలుకలను పట్టి కొలిచే గదిలో పరిశోధకురాలు ఎలుకను తెచ్చిన గుడ్డసంచిని తిరగేసి దులిపితే సన్నని తొడుగులాంటిదేదో కింద పడింది. ఆమె సహాయకుడు రాస్తున్న పుస్తకం మూసేశాడు.

“ఇదేంటి?”

“తోక తోలు, మేడమ్.”

“ఈ ఎలుక తోకను గుడ్లగూబ లాగేసిందని రాశావుగా?”

“అవును మేడమ్. తోలు వదిలేసి ప్రాణం దక్కించుకుంది.”

“అయితే తోలు గుడ్లగూబ గోళ్లలో ఉండాలి. మన సంచిలో వేసి వెళ్లిందా? పాపం, ఎంత మంచిది!”

సహాయకుడు నేలచూపులు చూశాడు.

“గుడ్లగూబలకు తోక తోలు వదిలి తప్పించుకున్న ఎలుకలెన్ని అన్న లెక్క మీదే నా వ్యాసమంతా నిలబడింది. నిజం చెప్పు. తోక మొదట్లో పట్టుకున్నావా, చివర పట్టుకున్నావా?”

“కరవబోయింది మేడమ్. కంగారులో చివరే అందింది. తోలు ఊడి చేతికొచ్చేసింది.”

“ఇదొక్కటేనా?”

“ఇంకో మూడు.”

“అలా లెక్కేసిన పదకొండు ఎలుకల్లో నాలుగు నీ పనే! ఎందుకు దాచావయ్యా?”

“తోక తోలు పోయిన ఎలుక దొరికిందని చెప్పిన ప్రతిసారీ మీ ముఖం వెలిగిపోయేది, మేడమ్. ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు.”

ఆమె పుస్తకాన్ని అతని ముందుకు జరిపింది.

“పుస్తకం తెరువు. ఆ నాలుగింటికీ గుడ్లగూబ అన్న మాట కొట్టేసి, మన వల్లే అని రాయి.”

“మీరేం చేశారు మేడమ్? నా వల్లేగా.”

“వెలిగిన ముఖం నాది. రాయి.”