అత్తగారి చెవికి ఆరు నిమ్మకాయలు

ఈ ఊరికి కరెంటు ఇచ్చినవాణ్ణి నేనే. ఊరంటే ఊరంతా కాదులే, మా వీధి. వీధంటే ఆ చివరిదాకా కాదు, మా ఇల్లు. ఇంట్లో కూడా... సరే, మా అత్తగారి ఎడమ చెవి. చెవికిస్తే మాత్రం కరెంటు కరెంటు కాకుండా పోతుందా?

"మొదలెట్టాడ్రా," అన్నాడు టైలర్ బాబాయ్, గ్లాసు టీకొట్టు బల్లమీద పెట్టి.

వినండి. మా అత్తగారి చెవి మిషనులో బ్యాటరీ బిళ్ళలు మార్చే పని ఇన్నాళ్ళూ మా మరదలిది. ఆమె పురిటికని పెద్దాసుపత్రి ఉన్న ఊరెళ్ళాక ఆ పని నా మీద పడింది. పది రోజులుగా ఎన్ని కొత్త బిళ్ళలు వేసినా మిషను ఉలకదు, పలకదు. ఇవాళ సాయంత్రం ఆరింటికి మా మరదలు ఫోన్ చేసి, పుట్టిన పిల్ల గొంతు వినిపిస్తానంది. మనవరాలి ఏడుపు వినలేనేమోనని మా అత్తగారు నిన్నట్నుంచీ సరిగ్గా అన్నం తినడం లేదు. "కాలేజీ ల్యాబులో పదకొండేళ్ళుగా అటెండరువి. బీకర్లు కడగడం తప్ప ఏమైనా వచ్చా?" అంది మా ఆవిడ. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

నిమ్మకాయ తీసుకున్నా. ఒక పక్క జింకు పూత మేకు, ఇంకో పక్క రాగితీగ గుచ్చా. అక్కడేం జరుగుతుందో తెలుసా? పులుపు తగలగానే జింకు కరగడం మొదలెడుతుంది. కరుగుతూ తన ఎలక్ట్రాన్లని మేకులోనే వదిలేసి పోతుంది. అవతల రాగి దగ్గర వాటికోసం పులుపు కాచుక్కూచుంది. వెళ్దామంటే వాటికి రసంలో ఈత రాదాయె! పైనుంచి తీగ వేశామా, తీగెమ్మట పరుగో పరుగు. ఆ పరుగే కరెంటు.

"ఇంతవరకూ నిజమే," అన్నాడు గడియారాల అన్న. పక్క కొట్లో వాచీలు బాగుచేస్తాడు, ఈ బిళ్ళలు అమ్మేదీ అతనే.

ఒక్కో కాయ ఒక వోల్టుకి కాస్త తక్కువ. రెండు వరసగా కలిపా, మిషను పలికింది. మూడోది కలిపా, పక్కింట్లో నీళ్ళు మరగడం వినపడింది మా అత్తగారికి. నాలుగోదానికి, గోడలో చీమ తుమ్మిందంది.

"చీమ తుమ్మిందా?"

జలుబు చేస్తే తుమ్మదా ఏంటి బాబాయ్? ఐదోది కలిపా, పోస్టాఫీసు గుమాస్తా మనసులో తిట్టుకునేవన్నీ విని వరసపెట్టి నాకు అప్పజెప్పింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

"చెప్పకపోతే ఊరుకుంటావా?" అంది టీకొట్టు అక్క.

ఆరో కాయకి వీధి దీపాలు పట్టపగలే వెలిగాయి! లైన్‌మ్యాన్ పరిగెత్తుకొచ్చి, "మీ నిమ్మకాయల్లోంచి మా లైన్లోకి కరెంటు ఎదురొస్తోంది, ఒక్కటన్నా తీసెయ్యండి సార్" అని బతిమాలాడు. మా అత్తగారైతే ఫోను గీను లేకుండానే, అంత దూరంలో పిల్ల ఆవలించడం విని, "దుప్పటి కప్పమనండి" అంది.

గడియారాల అన్న నవ్వలేదు. "మీ ఆవిడ గంట క్రితం నా కొట్టుకొచ్చింది. మీ అత్తగారికి ఇప్పటికీ ఏమీ వినపడ్డం లేదట. మిషను నీ జేబులోనే ఉందట. ఇలా ఇయ్యి."

ఇచ్చా. ఏం చేస్తాను? మూత తీసి, భూతద్దం పెట్టి చూశాడు.

"బిళ్ళ మీద స్టిక్కరు పీకలేదేం?"

"ల్యాబులో దేని లేబులూ పీకకూడదన్నా. మొదటి రోజే చెప్తారు."

"ఇది లేబులు కాదురా, బిరడా. ఇందులో ఉన్నదీ నీ జింకే. దానికి తోడు గాలి కావాలి. ఇదిగో చిల్లు. స్టిక్కరు పీకితేనే గాలి లోపలికెళ్తుంది, అప్పుడే జింకు పనిలోకి దిగుతుంది. నువ్వేమో ఊపిరాడకుండా మూసిపెట్టి, మిషను పలకడం లేదంటున్నావు."

గోటితో పీకి, ఒక నిమిషం ఆగమన్నాడు. ఆ తర్వాత మూత వేశాడు. మిషను అతని అరచేతిలో కుయ్యిమంది.

"ఆరింటికి ఇంకా పావుగంటుంది, పరిగెత్తు!" అని చేతిలో పెట్టి, "ఆగాగు. ఈ స్టిక్కర్లకి పట్టుకుని పీకడానికి ఇంత తోకుంటుంది కదా, మూతెలా పడింది?" అన్నాడు.

అప్పటికే రోడ్డు మీదకొచ్చేశా. అయినా చెప్పక తప్పలేదు.

"తోక అడ్డొస్తోందని కత్తెరతో కత్తిరించానన్నా. ఈ ఒక్కదానికే కాదు... ఈ పది రోజుల్లో వేసిన పద్దెనిమిదింటికీ."