బేరింగ్ రింగు

హలో… ఆ, నేనే. దుర్గి జయకృష్ణని. ఎక్కడున్నావ్ ఐజాజ్ భాయ్?

… సత్తెనపల్లిలోనా. అయితే ఇక్కడికి రెండు గంటలు.

నీ షెడ్డులోంచి నువ్విచ్చిన బేరింగ్ రింగు వేలికి ఇరుక్కుపోయింది.

… అదే. పంగలకర్ర కోసం పిడి చేసుకున్నాగా, దాని రింగు. కొక్కేనికి తోలు తగిలించి లాగటం, మీట నొక్కితే వదలటం… ఆ, అదే. రబ్బరు లాగేటప్పుడు పిడి జారకుండా నడిమి వేలికి రింగు పెట్టా. ఇనప తీగ పెడితే సాగిపోయింది, అందుకే నిన్ను బేరింగ్‌ది అడిగా… నేనే అడిగాలే. నిన్ను అనట్లా.

పొద్దున్నుంచి డబ్బాలు కొడతన్నా. వందదాకా కొట్టా. వేలు వాచింది. పిడి ఊడదీశాం, రింగు మిగిలింది.

… నూనె, సబ్బు, దారం చుట్టటం, అన్నీ అయినయ్. కంసాలి కత్తెర వాదర పోయింది. ఆసుపత్రిలో ఉంగరాలు కోసే చక్రానికి పళ్లు అరిగినయ్. ఇదేం లోహమయ్యా అన్నాడు డాక్టరు. బేరింగ్ అంటే నా మొహం చూశాడు.

… గుంటూరు పొమ్మన్నాడు. అక్కడికి మూడు గంటలు, గంట దాటితే వేలు దక్కదన్నాడు.

… నీలంగా ఉంది. గోరు కింద నలుపు.

… మాచర్లలో ఎవరుంటారు, ఆదివారం.

మా రాయి కోసే గ్రైండరా? ఉంది. ఇనుము కోసే బ్లేడూ ఉంది… ఇది కుడిచెయ్యి, నేనెట్లా పడతా. మీ వదిన పడద్ది. మెరుగు మిషను పట్టేది తనేగా, చెయ్యి వణకదు.

ఏమే, బకెట్టుతో నీళ్లు పట్రా.

చెప్పు భాయ్… సగందాకా కోసి… ఉలి పెట్టి ఒక్క దెబ్బ… పగులుద్దా. రాయి లాగేనన్నమాట.

… వేలికి అడ్డంగా, రింగు కింద రేకు దూరదు. దారమే దూరట్లా… సరే, రేకు లేకుండానే. నీళ్లు పోస్తా, కొంచెం కొంచెం… ఆ…

ఏంది? మళ్లీ చెప్పు.

… కాలగానే ఆపమని నేనే చెప్పాలా?

భాయ్, కాలితే నాకు తెలవదు.

… వాపు వల్ల కాదు. ఏడాదైంది. ఈ మూడు వేళ్లకీ చలువా లేదు, వేడీ లేదు… గ్రైండర్ అదురుడికి. ఇరవై రెండేళ్లు పట్టా.

… తోలు పట్టుకున్నానో జారిందో తెలిసేది కాదు. అందుకే ఆ పిడి. గురి కోసమని నీకు చెప్పింది అబద్ధం. రింగు బిగుస్తన్నట్టు కూడా తెలవలా. తను చూసి కేకేసింది.

… లేదు, తనకి తెలవదు. ఉలి కళ్లతో చూసి పడతన్నా. నంది ముక్కు దగ్గర రెండుసార్లు జారింది, రాయి మంచిది కాదన్నా.

… చెబితే ఇంక ఉలి ముట్టనియ్యదు.

… చెప్పకపోతే?

… ఎముకదాకా కాలుద్దా.

… వద్దు, తనకి నువ్వు చెప్పొద్దు.

… బయల్దేరు, కానీ నువ్వొచ్చేదాకా వేలు ఆగదు.

వచ్చింది.

సుబ్బరత్నం, బకెట్టు అక్కడ పెట్టు. ప్లగ్గు ఇప్పుడే పెట్టమాక. ఇట్లా వచ్చి కూర్చో… కూర్చో ముందు, చెప్తా.

భాయ్, పెట్టేస్తన్నా.