మనవాడికి మనం పెట్టిన పరీక్ష

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహించిన రేవు అధికారి గారికి, నాకు ఓడ ఎక్కడం నేర్పిన పెద్దలకు, ముప్పై నాలుగేళ్లు తాడు నిచ్చెన మీద నాతోపాటు ఎక్కి దిగిన తోటి పైలట్లకు, మొదటి వరసలో కూర్చుని "తొందరగా ముగించండి" అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకు నమస్కారాలు. (నవ్వులు)

ఇందాకటి నుంచి వక్తలందరిదీ ఒకటే మాట: ఓడలను రేవులోకి నడిపించే మా పనిలోకి ఎవరు రావాలో తేల్చే పైలట్ల కమిటీలో పదకొండేళ్లు కూర్చున్నానని, నా చేతి మీదుగా పనికిరానివాడు ఒక్కడూ రాలేదని. ఆ మాట విన్నప్పుడల్లా ఈ కోటు కింద నాకు చెమటలు పడుతున్నాయి.

ఆరేళ్ల కిందట మా అన్నకొడుకు పరీక్షకు వచ్చాడు. పరీక్షంటే, మేం పక్కన నిలబడి చూస్తుండగా నిజం ఓడను లోపలికి తేవడమే. నేను తప్పుకోవాల్సింది. "మనలో మనకేంటండీ, కూర్చోండి" అన్నారు కమిటీలో మిగతా ఇద్దరు. కూర్చున్నాను. రేవు ముఖద్వారం దగ్గర పక్క నుంచి గాలి కొట్టింది. వాడికి నోట మాట రాలేదు. ఓడ తిప్పమని చుక్కాని మనిషికి నేనే చెప్పాను. ఒడ్డుకొచ్చి "పాస్" అని సంతకం పెట్టాను. అదే వారం పరీక్షకు వచ్చిన, ఓడల్ని నెట్టే టగ్గు పడవ నడిపే ఒకావిడ అంతకన్నా పెద్ద ఓడను మంచినీళ్లు తాగినంత తేలిగ్గా తెచ్చింది. "అనుభవం చాలదు" అని రాశాం. ఆవిడ మనలో ఎవరికీ ఏమీ కాదు, అంతే.

పోయిన నెల, పట్టపగలు, నేను చమురు జెట్టీ మీద ఉండగా నిండు ఓడ ఒకటి పక్కకి జారుతూ మా మీదకే వస్తోంది. ఓడ నడిపిస్తూ పైన మావాడు. వాకీటాకీలో వాడి గొంతు లేదు. జెట్టీ మీద పద్దెనిమిది మంది కూలీలు. అప్పుడు ఆ టగ్గు ఆవిడ గొంతు వినబడింది: "పైలట్ గారూ, మీరేం చెప్పట్లేదు, నేను నెట్టేస్తున్నా!" టగ్గును ఓడకు ఆనించి నెట్టింది. ఓడ జెట్టీకి మూడు బారల దూరంలో ఆగింది.

విచారణలో కారణం "గాలి" అని రాశారు. రాసింది మన కమిటీయే. నేనూ సంతకం చేశాను. అప్పటినుంచి, భోజనం దగ్గర గాలి చప్పుడు విన్నా నాకు ముద్ద దిగడం లేదు.

ఈ పొద్దున మావాడు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"బాబాయ్, ఎల్లుండి నా డ్యూటీ. ఓడ ఎక్కాలంటే భయంగా ఉంది. ఆ రోజు పరీక్షలో ఓడ తిప్పింది నేను కాదు కదా."

"మరి ఆరేళ్లూ ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు చెప్తావని చూశాను."

మన పని గురించి బయటివాళ్లకేం తెలుసని ఎన్నో సభల్లో బల్లగుద్ది మరీ వాదించినవాణ్ణి. నిజమే, ఆ మలుపులో నీటి లాగుడు మనకే తెలుసు. పరీక్ష ఎలా ఉండాలో మనమే చెబుదాం. కానీ పాసో ఫెయిలో రాసేది మన ఇళ్లవాళ్లెవరో ఎరగని వేరే రేవు వాళ్లు కావాలి. అధ్యక్షుల వారూ, ఈ కవరు మీకే, జరిగిందంతా రాసి సంతకం పెట్టాను. మావాణ్ణి ఎల్లుండి ఓడ ఎక్కనివ్వకండి. వాడికి, ఆ టగ్గు ఆవిడకి, నా సంతకంతో వచ్చిన మిగతా తొమ్మిది మందికి మళ్లీ పరీక్ష పెట్టించండి.

వెనక వరసలో కొందరు లేచి వెళ్తున్నారు. వెళ్లండి బాబూ, కోపం రావడం సహజమే. ఆ తొమ్మిది మందిలో మావాడిలాంటి వాళ్లు ఇంకెవరున్నారో నాకు తెలియదు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు కూడా నీళ్ల మీద ఉన్నారు.

ఇంతసేపు ఓర్చుకుని విన్నందుకు అందరికీ దండాలు. అధ్యక్షుల వారు కవరు విప్పేదాకా మాత్రం నేను మైకు వదలను.

విప్పారు. ఇక నాకు సెలవిప్పించండి.