పేర్లు మార్చిన శనివారం

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరుగారికి, వేదిక మీది పెద్దలకి, ముందువరసలో మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తూ కూర్చున్న బావగారికి, మన గళభాండారంలో పనిచేసే అందరికీ, కుర్చీలు చాలక గోడవారన నిలబడిపోయిన మిత్రులకీ నమస్కారం. అక్కా, మీకు విడిగా పెడతాను నమస్కారం, మధ్యలో ఎక్కడో.

నాకు అప్పజెప్పిన పని, ఇవాళ పదవీవిరమణ చేస్తున్న అక్కకి సన్మానపత్రం చదవడం. నిన్న సాయంత్రం అది నా బల్ల మీదికి వచ్చినప్పటినుంచి నాకు మనసు నిలవడం లేదు. ఇలాంటి రోజున నాలుగు మంచి మాటలు చెప్పి, కాఫీ తాగి ఇంటికి వెళ్ళడం మర్యాద. పైగా కోపం వచ్చినప్పుడల్లా ఇది న్యాయమైన కోపమా, నా చాదస్తమా అని నన్ను నేనే నిలదీసుకునే జబ్బొకటి నాకుంది. నిన్నంతా నిలదీసుకున్నాను. తగ్గలేదు. కాబట్టి కోపంతోనే మాట్లాడతాను.

బయటినుంచి వచ్చినవాళ్ళ కోసం ఒక్క ముక్క. మామూలు మనుషుల బతుకు కబుర్లని వాళ్ళ గొంతుల్లోనే దాచిపెట్టే చోటు ఇది. పడవవాళ్ళు, నేతవాళ్ళు, నర్సులు, రైలు పట్టాలు వేసినవాళ్ళు మాట్లాడతారు, మేం రికార్డు చేస్తాం. రికార్డరు ప్రతి ఫైలుకీ తనకి తోచిన అంకెలు పేరుగా పెడుతుంది. వాటిని ఊరు, తేదీ, మనిషి చేసే పని, ఈ వరసలో మార్చుకోవాలి. ఒక్కొక్కటీ మారుస్తూ కూర్చుంటే మన జుట్టు నెరుస్తుంది గాని పని తెమలదు. అందుకని నల్లటి తెర మీద ఒక్క లైను కమాండు కొట్టి, ఫోల్డరు మొత్తానికీ ఒక్క దెబ్బన పేర్లు మారుస్తాం.

నేను చేరిన కొత్తలో అక్క నన్ను ఆ తెర ముందు కూర్చోబెట్టి, కమాండుకి ముందు ఎకో అన్న మాట తగిలించమన్నారు. అలా తగిలిస్తే మిషన్ ఏమీ చెయ్యదు, చెయ్యబోయేది చెప్తుంది, అంతే. "ముందు చెప్పించు, తరవాత చేయించు" అన్నారు. చెప్పిస్తే సరిపోలేదు, దాన్ని నేను పైకి చదవాలి, ఇంకొకరు పక్కన కూర్చుని వినాలి. పాత పేరు, కొత్త పేరు, పాత పేరు, కొత్త పేరు. పీహెచ్‌డీ పట్టా సిరా ఆరకుండానే వచ్చినదాన్ని, ఉండబట్టలేక అనేశాను: "అక్కా, ఇంత చదువు చదివింది ఎక్కాలు అప్పజెప్పడానికా?" ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "చదువుకున్నావు కాబట్టే తొందర. ఊఁ, గట్టిగా చదువు, నాకు వినపడాలి" అన్నారు. (నవ్వులు)

వెనకాల మీరంతా ఆవిణ్ణి ఎకోఅక్క అంటారని ఆవిడకి తెలుసు. (నవ్వులు) బావగారూ, మీరు మరీ అంత నవ్వకండి. వంటింట్లో డబ్బాలు ఒక అరలోంచి ఇంకో అరలోకి మార్చేటప్పుడు మీ చేత కూడా పైకి చదివిస్తారని నాకు చెప్పింది మీరే.

నవ్వులు ఇక్కడితో అయిపోయాయి.

కొత్త మిషన్లు వచ్చాయి. పేరు మార్చడానికి పాతవాటిలో రెన్ అని కొట్టేవాళ్ళం, కొత్తవాటిలో ఎమ్‌వీ అని కొట్టాలి. సోమవారం అతిథులు వస్తున్నారు, భాండారం మొత్తం ఊరు, తేదీ మాత్రమే ఉండే పొట్టి కొత్త పేర్లతో తళతళలాడాలని శుక్రవారం ఆజ్ఞ అయింది. అక్క అప్పుడు చెల్లెలి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో ఉన్నారు. డైరెక్టరుగారి గదిలో ఫోను స్పీకరు మీద పెట్టారు. నేనూ ఉన్నాను కాబట్టి విన్నదే చెప్తున్నాను.

"సోమవారం పొద్దున్నే వచ్చేస్తాను సార్, అంతదాకా ముట్టుకోకండి. ఒకే ఊళ్ళో ఒకే రోజు ఇద్దరు ముగ్గురు మాట్లాడినవి బోలెడున్నాయి. వాళ్ళ పని కలపకపోతే అందరికీ ఒకే పేరు పడుతుంది" అన్నారు అక్క.

సిస్టమ్స్ మేనేజరుగారు నవ్వారు. "పడితే మిషనే ఆపేస్తుంది కదా మేడమ్, ఎన్నిసార్లు చూడలేదు! కమాండు మాట మారింది గాని పని ఒకటేగా."

"పని ఒకటే బాబూ, మర్యాద వేరు. ఆ పేరుతో ఇంకోటి ఉందని పాతది మొరాయిస్తుంది. కొత్తది అడగదు, ఉన్నదాని మీద పెట్టేస్తుంది."

"ఒక్క లైనుకి ఇంత పురాణమా అమ్మా? మీరు చెల్లెల్ని చూసుకోండి" అని డైరెక్టరుగారు ఫోను పెట్టేశారు. పోనీ ఎకో పెట్టి ఒక్కసారి చదివిద్దాం సార్ అన్నాను నేను. పారాయణాలకి టైము లేదన్నారు. సార్, ఇవి మీ మాటలే. కాదంటే ఇప్పుడే అనండి, ఆగుతాను.

(డైరెక్టరుగారు నీళ్ళ గ్లాసు అందుకుంటారు)

శనివారం మధ్యాహ్నం కమాండు నడిచింది. రెప్పపాటు. తెర మీద ఒక్క తప్పూ రాలేదు. "చూశారా!" అని టీ తెప్పించారు. మౌనం అర్ధాంగీకారం అనుకునే జాతి మనది. ఆ మిషన్ మౌనానికి అర్థం వేరని ఎవరికీ తట్టలేదు. ఒకే పేరు పడ్డ చోటల్లా చివరి గొంతు మిగిలింది, ముందువి పోయాయి. నకళ్ళు దాచే మిషన్ కూడా సాయంత్రానికి బుద్ధిగా వచ్చి ఇక్కడ ఎలా ఉందో అలాగే తనలో దిద్దుకుంది, నకళ్ళూ పోయాయి. సోమవారం అతిథులు వచ్చి, వరసగా ఉన్న పేర్లు చూసి చాలా ముచ్చటపడి వెళ్ళారు.

ఆ తర్వాతి వారం ఒక దర్జీ వచ్చాడు. వాళ్ళమ్మ పోయింది. ఆవిడ కుట్టుపని ఎలా నేర్చుకుందో చెప్పిన రికార్డింగు మన దగ్గర ఉండాలి. హెడ్‌ఫోన్లు ఇచ్చి, ఆ తేదీ ఫైలు పెట్టాం. ఎవరో పడవాయన తాడు ముడి గురించి చెప్తున్నాడు. దర్జీ చేతులు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నాడు. ఆయనది అయ్యాక అమ్మ మాట్లాడుతుందేమోనని.

అప్పుడు ఈ భవనంలో ఎన్ని తలుపులు మూసుకున్నాయో నాకు తెలుసు. అక్క ఒక్కరే వెళ్ళి అతని పక్కన కూర్చున్నారు. "నాయనా, మీ అమ్మ గొంతు మా చేతిలో పెట్టారు. మేం పోగొట్టాం" అన్నారు. ఎవరి పేరూ ఎత్తలేదు. అతను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "ఇంకెక్కడా లేదా అమ్మా?" అన్నాడు. ఆవిడ లేదన్నారు. అక్కా, ఇదిగో, మీకు నా నమస్కారం ఇక్కడ.

ఇప్పుడు సన్మానపత్రం. అక్క దీక్ష గురించీ, క్రమశిక్షణ గురించీ మంచి వాక్యాలే ఉన్నాయి, నిజమే కాబట్టి అభ్యంతరం లేదు. చివరి వాక్యం మాత్రం ఇలా ఉంది: "పదవీకాలం చివర్లో తమ విభాగంలో దొర్లిన పొరపాటును వారు స్వయంగా అంగీకరించినందున, సంస్థ దానిని పెద్దమనసుతో మన్నిస్తున్నది." దర్జీ దగ్గర ఆవిడ అన్న మాటని అంగీకారం చేశారు. అందరి తప్పునీ తన నెత్తిన వేసుకోవడం ఆవిడ సంస్కారం. ఆవిడ నెత్తినే వదిలేసి, పైగా మనం క్షమించడమా? చేసినవాళ్ళే ఎదుటివాళ్ళని మన్నిస్తుంటే వినడానికి చప్పట్లు కొట్టే చేతులేనా మనవి?

సిస్టమ్స్ మేనేజరుగారూ, తల ఎత్తండి. మీ మీద నాకు అంత కోపం లేదు. తెలియక చేశారు. తెలిసినావిడ ఆగమంటే ఫోను పెట్టేసినవారి మీదే కోపం. ఒకవేళ నేనే గోరంతలు కొండంతలు చేస్తున్నానా? చేస్తున్నానేమో. కానీ ఈ కాగితం ఆవిడ సర్వీసు ఫైలులోకి వెళ్తుంది. రేపు మనమెవరం ఇక్కడ లేకపోయినా అది ఉంటుంది, ఆవిడ గురించి అదే మాట్లాడుతుంది.

నన్ను మాట్లాడనిచ్చిన సభకీ, వద్దని సైగ చేస్తూ కూడా లేచి వెళ్ళిపోకుండా కూర్చున్న అక్కకీ, ఆవిడని ఇన్నేళ్ళు మాకు అరువిచ్చిన బావగారికీ కృతజ్ఞతలు. సార్, ఆ వాక్యాన్ని నా పెన్నుతో కొట్టేశాను. కొట్టివేత పక్కన అధికారి సంతకం లేకపోతే చెల్లదని నియమం పెట్టింది మీరే. కాగితం మీ ముందు పెడుతున్నాను, పెన్ను కూడా. మీరు సంతకం పెట్టాక, ఇంకెవరైనా వచ్చి దీన్ని చదవచ్చు. నాకిక సెలవు.