కిటికీ పక్క మంచం

మగవాళ్ళ వార్డు, పట్టపగలు. పెద్ద సిస్టరు ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తెరుచుకోని మందుల మెషిన్ ముందు నిలబడి ఉంది. అవతల కంప్యూటర్ సెక్షన్‌లో ఉన్నది ఒకప్పుడు ఇదే వార్డులో ఆమె దగ్గర సూది పట్టడం నేర్చుకున్న నర్సు. ఇప్పుడు ఆసుపత్రి కంప్యూటర్లన్నీ అతని చేతిలోనే ఉన్నాయి.

"చచ్చిపోలేదురా తమ్ముడూ! బతికే ఉన్నాడు. నా ఎదురుగా మంచం మీద ఉన్నాడు, ఊపిరి పీలుస్తున్నాడు, వాళ్ళావిడ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. మీ కంప్యూటరే అతన్ని చంపేసింది!"

"అక్కా, కంప్యూటరు ఎవర్నీ చంపదు. ఎవరో నొక్కితేనే..."

"ఎవరు నొక్కారో తర్వాత తేల్చుకుందాం. ముందు ఈ మందుల మెషిన్ తెరిపించు."

"ఏమంటోంది మెషిన్?"

"చనిపోయిన వ్యక్తికి మందు ఇవ్వడం కుదరదంటోంది. ఎర్రక్షరాల్లో. పైన దండం పెట్టే చేతుల బొమ్మ కూడాను."

"ఆ బొమ్మ నేను పెట్టింది కాదు."

"బొమ్మ సంగతి ఎవరడిగార్రా! లారీ డ్రైవరు, తలకి దెబ్బ. పొద్దున్నించీ బాగానే ఉన్నాడు, ఇందాక ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చింది. ఎమర్జెన్సీ ట్రేలో ఇంజెక్షనుంటే చేశాం, ఆగింది. ట్రేలో అదొక్కటే ఉంది. మళ్ళీ వచ్చేలా ఉంది, వేళ్ళు అప్పుడే అదురుతున్నాయి. మిగతావన్నీ ఈ మెషిన్లోనే ఉన్నాయి. అద్దంలోంచి కనిపిస్తున్నాయి కూడా. చూస్తూ నిలబడ్డాను, అంతే."

"డాక్టరుగారితో ఆర్డరు పెట్టించావా?"

"డాక్టరమ్మ ఎప్పుడో పెట్టింది. చనిపోయినవాడికి చెల్లదని మెషిన్ ఆపేసింది. పక్క మంచం ముసలాయన పేరు మీద రాసి చూసింది డాక్టరమ్మ. దానికి ఫార్మసీ వాళ్ళు ఒప్పుకోవాలట, మెషిన్ క్యూలో పెట్టింది. ఫార్మసీ ఫోనెత్తదు. మనిషిని పరిగెత్తించాం. ఆ చివరి బ్లాకు దాకా వెళ్ళి ఎప్పటికొస్తాడు?"

"పాత తాళంచెవి?"

"మెషిన్ వచ్చిన రోజే పట్టుకుపోయారు కదా మీవాళ్ళు! ఇక తాళంచెవులతో పనిలేదక్కా అని మా అందరిచేతా చప్పట్లు కొట్టించింది నువ్వే."

"సరే, సరే. అరవకు. పేషెంటు ఫైలు తెరుస్తున్నా. సర్వరు ఇవాళ నత్తనడక నడుస్తోంది..."

"సిస్టరమ్మా..."

"ఉండమ్మా, ఫోన్లో ఉన్నా."

"సిస్టరమ్మా, నా ఫోనుకి ఏదో వచ్చింది. నాకు చదువు అంతంత మాత్రం. 'మీ ఆప్తులు ఇక లేరని తెలియజేయడానికి చింతిస్తున్నాం. వారి సామాను సాయంత్రంలోగా తీసుకెళ్ళగలరు' అని ఉంది. ఎవరి గురించమ్మా ఇది? మా ఆయన ఇదిగో, నన్నే చూస్తున్నాడు కదా?"

"అది తప్పు మెసేజమ్మా. పట్టించుకోకు. నువ్వు చెయ్యి వదలకు, ఆయన్ని ఒక పక్కకి ఒత్తిగిలించి పట్టుకో. విన్నావా తమ్ముడూ?"

"విన్నా. ఆ మాటలు నేనే రాశానక్కా. మర్యాదగా ఉండాలని తెగ తిప్పలు పడ్డాను."

"చాలా మర్యాదగా ఉన్నాయి. బతికున్న మొగుడి పక్కన కూర్చుని చదువుకుంది ఆ తల్లి."

"ఆఁ, దొరికాడు. నిజమే, డెత్ ఎంట్రీ పడింది. అక్కా, చేతి పట్టీ స్కాన్ చెయ్యలేదు కదూ? మంచం కమ్మీకి అంటించిన స్టిక్కరు స్కాన్ చేశారు."

"చేతి పట్టీ తడిసి చెరిగిపోతుంది, స్కానరు చదవదు. అందరం మంచం స్టిక్కరే కొడతాం. నీకేదో తెలీనట్టు!"

"ఆ స్టిక్కర్లు పీకెయ్యమని ఎంత మొత్తుకున్నాను!"

"మొదటి స్టిక్కరు అంటించింది ఎవరు? ఇక్కడ డ్యూటీ చేసేటప్పుడు నీ తెలివే కదా అది. భలే కనిపెట్టావురా అని నేనే నీ వీపు తట్టాను."

"ఇప్పుడవన్నీ ఎందుకులే. ఎంట్రీ తీసేద్దామంటే తీయనివ్వట్లేదు."

"ఎందుకని?"

"కింద మార్చురీలో ఒక బాడీ చేరింది. అక్కడ ఒకరు చేరారంటే పైన ఒకరు పోయుండాలి, సిస్టమ్‌లో రెండూ సరిపోవాలి. చావుని రద్దు చెయ్యడానికి లేదు. ఇంకొకరి పేరు మీదకి మార్చడమొక్కటే దారి."

"అయితే మార్చెయ్."

"ఎవరి మీదకి?"

"మార్చెయ్ నాన్నా, త్వరగా."

"అదే, ఎవరి మీదకి? నిజంగా పోయిందెవరు?"

"ముందు మందుల పెట్టె తెరువు. పేర్లూ గీర్లూ తర్వాత చూసుకుందాం."

"తర్వాత కుదరదంటున్నానా! పేరు కొడితేనే డ్రైవరు బతుకుతాడు."

"మీ పైఆఫీసరు లేడా? ఆయనకివ్వు ఫోను. ఇంకెవరికైనా ఇవ్వు."

"నేనొక్కడినే ఉన్నా. ఏంటక్కా, పేరు గుర్తులేదా? చిన్న సిస్టర్ని అడుగు."

"చిన్న సిస్టరు కిందకెళ్ళింది. బాడీతో."

"మరి నువ్వే చెప్పు. సరే, ఇలా చూద్దాం. స్టిక్కరు మంచానిది. మంచం మీద మనిషి మారితే తప్ప ఈ పొరపాటు జరగదు. ఎవర్నైనా అటూ ఇటూ మార్చారా?"

"మార్చాం. ఇద్దర్ని."

"సిస్టమ్‌లో మార్చలేదా?"

"తీరిగ్గా మారుద్దామనుకున్నా. ఈలోపు ఒకదాని మీద ఒకటి..."

"అసలు మార్చమన్నదెవరు? ఏ బుద్ధిలేనివాడు..."

"బుద్ధిలేక కాదు. ప్రేమకొద్దీ అడిగారు. నేను కాదనలేకపోయాను."

"నీతో ఇదేనక్కా. జాలిపడి కొంప ముంచుతావు. ఈ కథ మా నాన్నకి చెప్పాలి, పడీపడీ నవ్వుతాడు. బతికున్న డ్రైవర్ని పట్టుకుని కంప్యూటరు పోయాడందని చెప్తే, నువ్వు చేసే ఉద్యోగం ఇదేనట్రా అంటాడు. అక్కడ మంచం మీద ఏం చేస్తున్నాడు నాన్న?"

"తమ్ముడూ, అతని పెదవి కూడా అదురుతోంది..."

"పడుకున్నాడా? పొద్దున నేను వెళ్ళేటప్పటికి డీలాపడి ఉన్నాడు, దిగులేసింది. అందుకే నాన్న మానిటర్లోని గుండె గీత నా పక్క తెరమీద పెట్టుకుని మరీ పని చేసుకుంటున్నా. ఇప్పుడు చూడు, కుర్రాడి గుండెలా కొట్టుకుంటోంది. మీ చేతి చలవే."

"తమ్ముడూ..."

"ఏంటక్కా?"

"నేను నీ దగ్గరికే బయల్దేరాను. ఫోన్లో కాదు, మనిషినే వచ్చి మాట్లాడదామని. మెట్లదాకా వచ్చాను. ఇంతలో ఇతనికి ఫిట్స్ అని కేకేశారు."

"నాతో ఏం మాట్లాడదామని?"

"సిస్టరమ్మా! సిస్టరమ్మా, మళ్ళీ వచ్చింది! కళ్ళు తేలేస్తున్నాడు! నోట్లోంచి నురగ..."

"పక్కకి తిప్పు! తల పట్టుకో, నోట్లో ఏమీ పెట్టకు! డాక్టరమ్మా, ఆక్సిజన్! తమ్ముడూ, మొదలైందిరా! తెరువు, తెరువు!"

"అక్కా, ఆగు! నాన్న గీత!"

"తమ్ముడూ, పెట్టె..."

"నాన్న గీత పిచ్చిపట్టినట్టు ఎగురుతోంది! ఆక్సిజన్ పడిపోతోంది! అక్కా, ఆ డ్రైవర్ని వదిలెయ్, నాన్న దగ్గరికి పరిగెత్తు! తలుపు దగ్గరి మంచం! నీ కాళ్ళు పట్టుకుంటా, డాక్టర్ని అక్కడికి పంపు!"

"తలుపు దగ్గరి మంచం దగ్గరే ఉన్నాంరా, అందరం."

"హమ్మయ్య. ఎలా ఉన్నాడు? నాన్న ఎలా ఉన్నాడు?"

"ఈ మంచం మీద ఉన్నది డ్రైవరు."

"అర్థంకాలేదు."

"నువ్వే పొద్దున అడిగావు. నాన్న కిటికీ పక్కనుంటే కాస్త వెలుతురు చూస్తాడు, కుదిరితే చూడక్కా అన్నావు. కిటికీ పక్క డ్రైవరుండేవాడు. బతిమాలాను. పెద్దాయనకి కాక ఎవరికమ్మా అని తలకి కట్టుతోనే లేచి, తనే నడుచుకుంటూ వచ్చి ఇక్కడ పడుకున్నాడు. నువ్వు చూస్తున్న గీత ఈ తలుపు దగ్గరి మానిటర్ది. అది నాన్నది కాదు."

"కాదు. కాదక్కా. పేరు నాన్నదే. ఇదిగో, నాన్న పేరుంది, వయసుంది..."

"మంచానికి పెట్టిన పేరది. కిటికీ పక్క మంచానికి ఇంకా డ్రైవరు పేరే ఉంది. గీత ఆగిపోయాక చిన్న సిస్టరు వెళ్ళి ఆ మంచం స్టిక్కరే కొట్టింది."

"అయితే కింద చేరింది..."

"తమ్ముడూ. నన్ను తిట్టు, తర్వాత వచ్చి చంపెయ్. ఇప్పుడు మాత్రం ఆ పేరు కొట్టు."

"కిటికీ దగ్గరికి వచ్చాక, వెలుతురు పడిందా నాన్న మీద?"

"పడింది. తెర ఇంకాస్త లాగమన్నాడు, లాగాను. చాలమ్మా అన్నాడు. మళ్ళీ నేనొచ్చి చూసేసరికి... గుండె మీద ఎంత నొక్కినా రాలేదురా. నా చేతులు పడిపోయేదాకా నొక్కాను."

"నేనిక్కడ కూర్చుని ఎవరి గుండెనో చూసుకుని మురిసిపోతున్నాను."

"సిస్టరమ్మా, నల్లబడిపోతున్నాడు! ఎవరితో అంతసేపు మాట్లాడతారమ్మా, ఒక్క తలుపు తీయడానికి! ఇలా ఇవ్వండి ఫోను. బాబూ, ఎవరు బాబూ నువ్వు? నీకూ ఒక తండ్రి ఉంటాడు కదా బాబూ! తెరిపించు! నా పిల్లలకి ఇంకెవరూ లేరు!"

"ఇటివ్వమ్మా. ఇటివ్వు. తమ్ముడూ?"

"కొడుతున్నా. తప్పక్షరాలు పడుతున్నాయి. ఉండు. పడింది. పేరు పడిందక్కా. కింద ఇంకో గడి ఉంది."

"ఇంకేం గడిరా!"

"'బంధువులకు నోటితో చెప్పారా?' ఇది నింపందే సేవ్ కాదు. నేను పెట్టించిందే. వార్డుల్లో ఎవరూ మనుషులతో చెప్పట్లేదు, మెసేజి మీదకి తోసేస్తున్నారని పోట్లాడి మరీ పెట్టించాను."

"అవునని కొట్టెయ్!"

"నువ్వింకా చెప్పలేదుగా."

"తమ్ముడూ, ఇప్పుడా..."

"అన్నీ చెప్పావు, ఆ మాట తప్ప. చెప్తేనే నా వేలు కదిలేలా ఉంది. త్వరగా చెప్పక్కా."

"మీ నాన్న పోయాడు నాన్నా."

"అవును. కొట్టాను. చూడు."

"తెరుచుకుంది! డాక్టరమ్మా, ఇదిగో! చెయ్యి గట్టిగా పట్టుకోండి, ఎగరనివ్వకండి. ఎక్కుతోంది. మందు ఎక్కుతోంది. తమ్ముడూ, ఫోను పెట్టెయ్యకు. ఒక్కడివే ఉండకు. ఇతను కాస్త కుదుటపడగానే వచ్చేస్తా."

"సిస్టరమ్మా, ఒళ్ళు వదులవుతోంది. ఇదిగో, ఊపిరి తీస్తున్నాడు! ఆ బాబు ఇంకా ఉన్నాడా ఫోన్లో? మా బతుకులు నిలబెట్టావు బాబూ. నిన్ను కన్న తండ్రి నూరేళ్ళు చల్లగా ఉండాలి!"

"అమ్మా, ఊరుకో. ఊరుకోమ్మా, నీకు దండం పెడతాను. తమ్ముడూ, ఆవిడకేం తెలీదురా..."

"అననీ అక్కా. ఇక్కడ డ్రైవరు గీత నెమ్మదిస్తోంది. ఎగరడం మానింది, కుదురుగా కొట్టుకుంటోంది. ఇంకా నాన్న పేరు మీదే ఉంది. మార్చాలి, తెలుసు, మార్చకపోతే మళ్ళీ ఇదే పొరపాటు. నువ్వొచ్చేదాకా ఆ పేరు అలాగే ఉంచుకోనా?"