తెర నల్లగానే ఉండాలి

కెజియా కంప్యూటర్‌ను చంపింది మీరు, నేను కాదు. ఈ కాగితం చదివే అధికారి ఎవరైనా సరే, నా పేరు కంటే ముందు ఈ మాట చదవాలి. మీ కంటికి అలవాటు లేనిదంతా పాడైపోయిందనుకుంటారు, ఆఫీసుల్లో కూర్చునే మీరంతా. రాస్తున్న హెడ్ కానిస్టేబుల్ సంధ్య గారు, "పేరు ముందు సెప్పాల మాస్టారూ" అంటున్నారు. చెబుతున్నాను.

నా పేరు జయకర్. వయసు యాభై రెండేళ్లు. ఉండేది కవిటి, చర్చి వీధి. వృత్తి కంప్యూటర్ పాఠాలు. చూపు లేనివాళ్లకు, చేతులు సరిగా ఆడనివాళ్లకు కంప్యూటర్‌ను వాళ్లకు తగ్గట్టు అమర్చి ఇస్తాను. ఈ రోజు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, టెక్కలిలోని కొబ్బరి రైతుల సంఘం ఆఫీసులోకి వెళ్లిన మాట నిజం. వాచ్‌మన్ దాలయ్య నేను అడిగితేనే తలుపు తీశాడు. కెజియా కంప్యూటర్‌లో అమరికలు మార్చిన మాట నిజం. దొంగతనానికి వెళ్లానన్నది అబద్ధం.

కెజియాకు పుట్టుకతో చూపు లేదు. నాలుగేళ్లుగా ఆ ఆఫీసులో రైతుల ఫోన్లు తీసి, ఫిర్యాదులు టైపు చేస్తోంది. ఎడమ చేత్తో ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుంటుంది. కుడి చెవిలో ఇయర్‌ఫోన్. తెర మీది అక్షరాలను కంప్యూటర్ అందులో చదివి వినిపిస్తుంది. ఇక టైపుకు మిగిలింది ఒక్క చెయ్యి. అందుకని రెండు మీటలు కలిపి నొక్కాల్సిన చోట ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా సరిపోయేలా అమర్చాను. తెర ఎప్పుడూ నల్లగా ఉండేలా కూడా పెట్టాను. ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో వెనక నిలబడి చదివేవాళ్లు ఆ ఆఫీసులో ఎక్కువ. తనకు అక్కర్లేని వెలుగు వాళ్లకెందుకని ఆమే అడిగింది.

సంధ్య గారు ఇక్కడ పెన్ను ఆపి, "తెర నల్లగుంటే పనెలాగవుద్ది?" అన్నారు.

"చీకట్లో రేడియో వినలేదా అమ్మా మీరు?" అన్నాను.

"అవున్లెండి" అని రాసుకున్నారు.

ఆ అమరికలు ఒక్కరోజులో కుదిరినవి కావు. కెజియాకు పదిహేడేళ్లప్పుడు, ఒక వేసవి అంతా పట్టింది. చర్చి పక్క గదిలో ఎవరో వదిలేసిన పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. కొబ్బరి మట్టలు పైరేకుల మీద రాసుకునే చప్పుడు, తడి పీచు వాసన, వేడెక్కిన డబ్బా వాసన. కరెంటు పోతే ముగ్గురం గుమ్మంలోకి వచ్చి గాలికి కూర్చునేవాళ్లం. ఆ మూడో మనిషి వాళ్ల మామ్మ నయోమి. కొబ్బరాకుల ఈనెలు తీస్తూ మనవరాలికి కాపలా ఉండేది.

మొదటి రోజు యంత్రం గొంతును బాగా నెమ్మదిగా పెట్టాను. కెజియా విని పగలబడి నవ్వింది. "ఏటి మాస్టారూ, కల్లు తాగొచ్చి పేపరు సదివినట్టుంది. ఇంకాస్త పెంచండి."

పెంచాను. వారం తిరిగేసరికి మళ్లీ అదే మాట, ఇంకాస్త పెంచండి. నయోమికి అది ఈగల రొద. "ఏటే ఆ గొణుగుడు? నీకేటి తెలుత్తాదే?" అనేది.

"నువ్వు సీతారత్నం పిన్నితో మాటాడే జోరు కన్నా ఇది నెమ్మదే మామ్మా."

వేసవి చివరికి ఆ వేగం నాకూ అందలేదు. ఒకరోజు ఏదో వింటూ తనలో తనే నవ్వింది. ఏమిటని అడిగాను. నా కోసం ఆగి ఆగి, నెమ్మదిగా చెప్పింది. అప్పటిదాకా నేనే ఆమెకు చదివి వినిపించేవాణ్ని. ఆ రోజు ఆమె నాకు వినిపించింది. ఆ గది ఇప్పుడు లేదు, పడగొట్టి కల్యాణమండపం కట్టారు. దాని ముందు నుంచి వెళ్తే ఇప్పటికీ నా బండి దానంతటదే నెమ్మదిస్తుంది.

మొన్న శుక్రవారం కెజియా మామ్మను డయాలసిస్‌కు పలాస తీసుకెళ్లింది. ఆమె కుర్చీలో కొత్త మేనేజరు రామూర్తి గారు కూర్చున్నారు. తెర నల్లగా ఉంది. ఇయర్‌ఫోన్‌లో ఈగల రొద. మీట నొక్కితే కీచుమంది. వైరస్ అన్నారు. మనిషిని పిలిపించి, నా అమరికలతో సహా కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిపించారు. ఆమెకు ఒక్క ఫోన్ చేస్తే తెలిసేది. చెయ్యలేదు.

శనివారం కెజియా వెళ్లి అడిగింది. "కంప్యూటరన్నాక బొమ్మ కనబడాలి కదమ్మా" అన్నారట. సోమవారం పది గంటలకు పైవాళ్లు వస్తారు, వాళ్ల ముందు పని చేసి చూపించు, చూపించలేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాం అన్నారట. కొత్త పాస్‌వర్డ్ అడిగితే, "తెరకే అంటించాం, సూసుకో" అన్నారట. ఆ చీటీ కెజియాకు తప్ప అందరికీ కనబడుతుంది. నేను పాస్‌వర్డ్ దొంగిలించానని ఆయన ఫిర్యాదులో రాశారు కదా, నేను చదివింది ఆ చీటీనే.

దివ్యాంగులని గొప్ప పేరు పెట్టారు. పేరు పెట్టాక పనైపోయిందనుకున్నారు. ఎవరి కళ్లద్దాలైనా వాళ్లు లేనప్పుడు లాక్కుని, గాజు మందంగా ఉందని పగలగొడతారా? ఇది అదే పని.

కెజియా నాతో వస్తానంది. కేసైతే ఉద్యోగానికే మోసమని నేనే వద్దన్నాను. తెలుగు చదివే గొంతును మళ్లీ ఎక్కించాను. తెర నల్లగా చేశాను. ఒంటిచేతి మీటలు సరిచేశాను. ఇక వేగమే మిగిలింది. అది ఆమె చెవికే తెలుసు. ఫోన్ చేసి, కంప్యూటర్ పక్కన పెట్టాను.

"ఇంకాస్త పెంచండి మాస్టారూ" అంది.

పెంచాను.

"ఇంకాస్త."

అప్పుడే రామూర్తి గారు వచ్చి గోడలోంచి వైరు పీకేశారు. ఫోన్‌లో కెజియా, "మాస్టారూ, ఆగిపోయిందేటి?" అంటూనే ఉంది.

నేను అడిగేవి ఇవి.

రేపు పది గంటల లోపు ఆ పని పూర్తి చేయనివ్వాలి. నన్ను నమ్మకపోతే కానిస్టేబుల్‌ను తోడు పంపాలి.

పాస్‌వర్డ్ కెజియాకు నోటితో చెప్పాలి.

ఆమె లేనప్పుడు ఆమె అమరికలు ఎవరూ ముట్టుకోకూడదు.

దాలయ్యను పనిలోంచి తీయకూడదు.

తెర నల్లగానే ఉండాలి.

వేగం ఎంతన్నది కెజియాను అడగాలి. చాలు అని ఆమె అనేదాకా పెంచాలి.

ఇదంతా నేను చెప్పిందే. సంధ్య గారు నెమ్మదిగా చదివి వినిపించగా విన్నాను. ఇందులో అబద్ధం లేదు.

(సంతకం) జయకర్
టెక్కలి, ఆదివారం, సాయంత్రం ఆరున్నర