మొక్కుకోడి మింగిన జెట్

“తాతా, బండి ఇప్పేముందు కోళ్లను గంప కింద కమ్మమంటవు, ఎందుకే?”

కమ్మాలె బిడ్డా. నవ్వుతవేంది? జర కూసో, చెప్త.

నైజాం జమాన అది. లడాయి నడుస్తుండె. పెట్రోలు కండ్ల చూద్దామన్నా దొరకకపోయేది, సర్కారు కాయితం ఉన్నోళ్లకే ఇంత కొలిచి పోసేది. భువనగిరిల బస్సులు ఆగే జాగ పక్కకు బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు నాదొకటి. అప్పటికి నాకు పెండ్లి కాలే... కాదు కాదు, అయ్యింది, మీ పెద్దమ్మ గూడ పుట్టింది. చేతులు కడుక్కోకుంట పాన ముట్టకపోయేటోన్ని. కల్లు తాగొచ్చినోన్ని షెడ్డుల అడుగు పెట్టనియ్యలే. ఇప్పటోళ్లకు చెప్తె నవ్వులాట.

ఒకనాడు పొద్దుగాల్నే దవాఖాన డాక్టరు సాబు మోటర్ సైకిల్ నూక్కుంట వచ్చిండు, ఎన్క జవాను. బండి నల్లగ పొగ ఇడుస్తాందంట. “ఉస్తాద్, జల్దీ చెయ్యి. గత్తర లేసింది, మందు తీస్కపోవాలె” అని ఊరి పేరు చెప్పిండు. మా అక్కనిచ్చిన ఊరు గదే! గత్తరంటె ఎరుకేనా? వాంతులు, బేదులు. పొద్దుగాల పట్టుకుంటె మాపటికి మనిషి ఉండడు.

కార్బొరేటర్ ఇప్పి చూస్తె, ఎవడో జెట్ల తీగ పెట్టి కెలికిండు. జెట్టంటె మక్కగింజంత ఇత్తడి తునక, నడుమ సన్నటి బెజ్జం. దాంట్లకెళ్లే పెట్రోలు పోతది. బెజ్జం పెద్దగైతె బండి ఇచ్చలవిడిగ తాగుతది. టాంకిల ఉన్నది సగం తొవ్వకు గూడ రాదు. నా దగ్గర పట్నం కెళ్లి తెచ్చిన కొత్త జెట్ ఒక్కటే ఉండె. లోపటి సూదిని ఒక మెట్టు దించిన, గది దిగితె పెట్రోలు తగ్గుతది. ఇగ జెట్ బిగిద్దామని చూస్తె, జవాను దాన్ని పట్టుకొని తిప్పి తిప్పి చూస్తుండు. “ముట్టకు” అంటనే ఉన్న, జారవిడిసిండు. పక్కింటి లచ్చవ్వ కోడి ఉరికొచ్చి గుటుక్కున మింగింది. మక్కగింజ అనుకున్నది పాపం.

జవాను కోడిని దొరకవట్టి చాకు తీసిండు. వాండ్లకు అలవాటే. సర్కారోళ్లయినా, దొర మనుషులైనా, ఎవలింట్ల కోడి కనవడితె అది వాండ్లదే. అడుగుడు లేదు. లచ్చవ్వ ఉరికొచ్చింది.

“నీ కండ్లు వోను! పోచమ్మ మొక్కుకోడిరా అది!”

“ముసల్దానా, సర్కారీ పని!”

నాకు అక్క కండ్ల మెదులుతాంది. ఊకుంటె పనైపోవు. అయినా పరాయోళ్లది పరాయోళ్లదే గద? జవాను రెట్ట పట్టిన. “ఇడువు. ఆమెది. అడగాలె.” డాక్టరు సాబు తల ఊపిండు.

“లచ్చవ్వా, నీ కోడి కడుపుల నా సామాను వడ్డది. మా అక్క ఊర్ల గత్తర. ఇస్తె ఈ బండి పోతది. ఇయ్యకుంటె ఎడ్లబండి కట్టుకుంటం, గంతే.”

ఆమె నన్నే చూసింది. “నన్నడుగుతున్నవార మల్లిగా?”

“నిన్నే.”

“నా పుట్టువుల కోడిని అడిగినోన్ని ఇప్పుడే చూసిన. గత్తర రావద్దనే మొక్కిన. పా, పోచమ్మను గూడ అడుగుదాం.”

పోచమ్మ గద్దె షెడ్డు ఎన్కనే. పసుపునీళ్లు చల్లితె కోడి ఒళ్లు జాడించాలె, గప్పుడే తల్లి ఒప్పుకున్నట్టు. చల్లింది. జాడించలే. మళ్ల చల్లింది. కోడి గుడ్లప్పగించి డాక్టరునే చూస్తాంది. ఆఖరుకు బర్రున జాడించింది, నీళ్లన్ని జవాను మొకం మీదనే!

కోస్తె, మెడకింది సంచిల జొన్నల నడుమ దొరికింది. “గీ బుడ్డదానికా ఇంత లొల్లి!” అన్నది లచ్చవ్వ. గాసునూనెల కడిగి, ఊది, మొగులు దిక్కు పట్టి చూసిన. బెజ్జంల చుక్కంత వెలుగు కనవడ్డది. బిగించిన. ఒక్క తన్నుకే అందుకున్నది. పొగ లేదు. డాక్టరు సాబు జవానును ఎక్కించుకోలే. “నువ్వు ఈడనే ఉండి అవ్వకు కోడి బూరు పీకు” అని పోయిండు.

మా అక్కకూ పట్టిందంట. మందు అందింది, బతికింది. బావ వచ్చి చెప్తుంటె, పాన చేతులనే ఉంది, నేలమీద కూలవడి ఏడ్సిన. తర్వాత అక్క చంకల కోడిపెట్టను పెట్టుకొచ్చి లచ్చవ్వకు ఇచ్చింది. “అత్తా, గిది ఎవలికీ మొక్కకు, గుడ్లు తిను” అన్నది.

ఎవలిదన్న కావాలంటె అడుగు బిడ్డా. అడిగితె ఏం తగ్గిపోవు. సల్లగుండు, నూరేండ్లు బతుకు... ఆఁ, ఆ గంప మీద రాయి పెట్టు. ఎర్రపుంజు ఇటే చూస్తాంది.